మూడో మెట్టు దాకా నీళ్ళు

సెప్టెంబరు 3, బుధవారం

ఒరే మొండి బావమరిదీ,

మీ అక్క వేసిన శిక్ష ప్రకారం ఫోను పక్కన పెట్టి కలం పట్టుకున్నాను. పోయిన వేసవిలో మనం ఫోన్లో అరుచుకున్న అరుపులకి తనకి ఇప్పటికీ చెవులు గింగురుమంటున్నాయట. "ఇకమీదట రాసుకోండి. కనీసం చెయ్యి నొప్పెట్టినప్పుడైనా ఆగుతారు" అంది. ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది? ఎలాగూ ప్రతి గురువారం కాలువ లస్కరు నీటి చీటీ పట్టుకుని, దారిలో తూములన్నీ చూసుకుంటూ, శుక్రవారం సాయంత్రానికి మీ చివరి పొలాల దాకా వస్తాడు కదా. ఆ చీటీకే ఈ ఉత్తరం గుండుసూదితో గుచ్చి పంపుతున్నా. శనివారం పొద్దున్నే అతను వెనక్కి బయల్దేరతాడు, నీ జవాబు అతని చేతికివ్వు.

ఇక్కడి సంగతులు చెబితే నువ్వు నవ్వుతావు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను కూర్చున్న తూము గది ఇప్పుడు కాఫీ కొట్టు. నా నీటి రిజిస్టరు ఎక్కడుందో తెలుసా? లైఫ్ జాకెట్లు తగిలించే కొయ్య కింద. తూము ఎత్తే చక్రానికి బంగారు రంగు వేశారు. జనం దాన్ని పట్టుకుని ఓడ నడుపుతున్నట్టు ఫొటోలు దిగుతున్నారు. ఎవడో నిజంగా తిప్పేస్తాడని గొలుసు చుట్టి తాళం వేశాం. మొన్న ఒకటో తారీఖున నాకు కొత్త యూనిఫారం ఇచ్చారు, నీలం టోపీతో సహా. ఆ టోపీ చూసి రోజుకి నలభై మంది వచ్చి "మరుగుదొడ్లు ఎటు?" అని అడుగుతున్నారు. రిజర్వాయరు ఎందుకు కట్టారని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు.

అసలు సంగతి చీటీలో ఉంది, చూసే ఉంటావు. గేజి తొమ్మిదడుగులు. తూము నోరు పదో అడుగు దగ్గర ఉంది. అందుకని కాలువ బంద్. పైన వాన పడాలి. పడితే మొదటి కబురు నీకే.

అక్క మోకాళ్ళు అలాగే ఉన్నాయి. క్వార్టరు గుమ్మానికి ఒక్క మెట్టే కాబట్టి నెట్టుకొస్తోంది. చెల్లెమ్మనీ కోడలు పిల్లనీ అడిగానని చెప్పు.

టోపీ కింద మిగిలి ఉన్న,
నీ బావ

సెప్టెంబరు 6, శనివారం

బావా,

నువ్వు టోపీ పెట్టుకున్న దృశ్యం తలుచుకుని మీ చెల్లెలికి అన్నం తింటుంటే పొలమారింది. నీ బట్టతలకి ఇన్నాళ్ళకి ప్రభుత్వం వారి దయ కలిగిందన్నమాట.

ఇక్కడ నవ్వు అంతవరకే. వరి చేను చిరుపొట్ట మీదుంది, కంకి ఇంకా ఆకు చాటునే ఉంది. ఆకు పొద్దునపూట బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి చుట్ట చుట్టుకుంటుంది. మడిలో నా బొటనవేలు దూరేంత బీటలు. ఒక్క తడి, బావా. ఒక్కటి అందితే గింజ కడుతుంది. ఈ మూడు వారాల్లో అందకపోతే తాలు తప్ప చేతికేమీ రాదు. కింది మడి గట్టాయన పది రోజులు ఆలస్యంగా నాటాడని అప్పట్లో నవ్వాను. ఇప్పుడు ఆయన చేనే నయం, ఇంకా పొట్టకి రాలేదు, ఓర్చుకుంటోంది. ఆయన నన్ను చూసి నవ్వుతున్నాడో లేదో తెలీదు. మూరెడు గట్టు గొడవకి తొమ్మిదేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు కదా.

సరే, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నిన్న మీ కోడలు ఫోన్లో ఒక ఫొటో చూపించింది. మీ రిజర్వాయరే. ఎవరో ఆడపిల్లలు మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నారు. వెనక హంస పడవలు. నీళ్ళు పైనుంచి మూడో మెట్టు దాకా ఉన్నాయి, బావా. ఆ మెట్లు నాకు తెలీనివా? అక్క పెళ్ళయిన కొత్తలో అక్కడే కదా నువ్వు నన్ను నీళ్ళలోకి తోసింది. మూడో మెట్టంటే గేజి పదిహేను. మరి చీటీలో తొమ్మిదేంటి?

నువ్వే చెప్పు.

బొటనవేలు బీటలో పెట్టుకుని,
నీ బావమరిది

సెప్టెంబరు 10, బుధవారం

బావమరిదీ,

ఫొటోలు చూసి వ్యవసాయం చేసే కాలం వచ్చిందా? అది ఏ ఏడాది ఫొటోనో ఎవరికి తెలుసు? జనం పాతవి తీసి కొత్తవని పెడుతుంటారు. అయినా పదవ తరగతి తప్పినవాడివి, నాకు గేజి లెక్కలు నేర్పుతావా!

ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఇరవై తొమ్మిదేళ్ళలో నా చీటీ ఒక్కసారి తప్పు చెప్పలేదు. నా నోరు నమ్మకు, నా ఉత్తరం నమ్మకు, నా చీటీ నమ్ము. తొమ్మిది అంటే తొమ్మిదే. ఈ వారం ఎనిమిదిన్నర.

ఇక్కడ ఆదివారాలు నిలబడ్డానికి చోటుండదు. మొన్న ఆదివారం ఒక పెద్దమనిషి తన భార్యకి నన్ను చూపించి "వీళ్ళ జీవితమే హాయి, రోజూ ఈ గాలి, ఈ నీళ్ళు" అన్నాడు. నాకు కాళ్ళు పీకుతున్నాయి. సాయంత్రం అయ్యేసరికి మెట్ల మీద కాగితం కప్పులు ఏరడం కూడా నా పనే అయింది. అక్క నా నడుముకి వేణ్ణీళ్ళ కాపడం పెడుతూ "తమ్ముడికి నీళ్ళు ఎప్పుడు?" అని అడిగింది. నిద్ర వస్తోందన్నాను.

ఉంటాను.

బావ

సెప్టెంబరు 13, శనివారం

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. ఫొటో పాతదని తమరు సెలవిచ్చారు. పదవ తరగతి తప్పినవాణ్ణి కనుక మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చూశాను. అమ్మాయి వేళ్ళతో లాగి బొమ్మ పెద్దది చేసింది. మెట్ల చివర, చెత్త బుట్ట పక్కన ఒకాయన నిలబడి ఉన్నారు. ఆయన తల మీద నీలం టోపీ ఉంది. ఒకటో తారీఖున ఇచ్చారని తమరే రాసిన టోపీ.

అమ్మాయి "మామయ్యే కదా నాన్నా" అంది. నేను కాదన్నాను. పసిదాని ముందు మిమ్మల్ని అబద్ధాలకోరు చెయ్యలేక నేను అబద్ధమాడాను.

పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. మీరు మా ఇంటి అల్లుడు. మా నాన్న పోతూ పోతూ నా చెయ్యి మీ చేతిలో పెట్టాడు. పడవల కోసం మా నోట్లో మట్టి కొడుతున్నారా? నీళ్ళుండీ లేవంటారా? ఎవరికి భయపడి?

అక్కకి ఈ ఉత్తరం చూపించకండి. చూపించినా నాకు బాధ లేదు.

ఇట్లు,
చివరి పొలం రైతు

సెప్టెంబరు 17, బుధవారం

బావమరిదీ,

ఆ "గారు" చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. నువ్వు బూతులు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఫొటో నిజం. చీటీ నిజం. నేనొక్కణ్ణే అబద్ధం.

ఎలాగో చెబుతాను. మెట్లకి ఎదురుగా, రిజర్వాయరు లోపల, పోయినేడు ఒక అడ్డుగోడ కట్టారు. మట్టం బాగా ఉన్నప్పుడు అది నీళ్ళలో మునిగి ఉంటుంది, కనపడదు. మట్టం దిగేకొద్దీ గోడకి ఇవతల నీళ్ళు ఆగిపోతాయి. అంటే మెట్ల ముందు ఎప్పుడూ నిండుగా ఒక మడుగు, పడవలు తిరగడానికి. గోడకి అవతల, పట్నానికి తాగునీళ్ళు తోడే మోటార్లు మిగిల్చిన బురద. గేజి ఉన్నది అవతలే. అందుకే చీటీలో ఎనిమిదిన్నర, ఫొటోలో మూడో మెట్టు. వచ్చినవాళ్ళు ఇవతల నిలబడి ఫొటో తీసుకుంటారు. అవతలికి చూడకుండా పూలకుండీలు పెట్టారు.

మన తూము మడుగులోనే ఉంది. అది ఎత్తితే వచ్చే నీళ్ళు మొత్తం ఆయకట్టుకి చాలవు కానీ, మీ చివరి పొలాలకి ఒక తడి అవుతుంది. ఆ సంగతి నాకు రోజూ తెలుసు. రోజూ ఆ బంగారు చక్రం పక్కనే నిలబడతాను. ఎత్తకూడదని కాగితం మీద రాసిచ్చారు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం ఎవరో పెద్దవాళ్ళు వచ్చి పడవ ఎక్కుతారట.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావు. గోడ ఎక్కడ కడితే రాతి మీద నిలబడుతుందో చూపించింది నేనేరా. ఇంజనీరు అడిగాడు. "నీకు అనుభవం ఉంది, చూపించు, రిటైరయ్యేదాకా క్వార్టర్లో ఉండొచ్చు" అన్నాడు. అక్క మోకాళ్ళు గుర్తొచ్చాయి. పడవలో తీసుకెళ్ళి వేలు పెట్టి మరీ చూపించాను. ఆ వేలు ఇప్పుడు విరుచుకోవాలనిపిస్తోంది.

ఇంకో ఆరు నెలల ఉద్యోగం నాది. కట్టుకున్న ఇల్లు లేదు. నాకు ఓపిక అయిపోయింది. నన్నేమైనా అను, అక్కని మాత్రం ఏమీ అనకు. తనకి గోడ సంగతి తెలీదు.

సిగ్గుతో,
బావ

సెప్టెంబరు 20, శనివారం

బావా,

చదివాను. రెండుసార్లు చదివాను. తిడదామని కూర్చున్నాను కానీ తిట్టేవాడికి కూడా కాస్త బలం ఉండాలి. అక్కకి ఒక మెట్టు ఇల్లు కావాలని నువ్వు వేలు చూపించావు. నీ స్థానంలో నేనుంటే రెండు వేళ్ళు చూపించేవాణ్ణేమో.

గొర్రెల మంద ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. "చేను పచ్చగా ఉండగానే మేపు. ఎండాక నా గొర్రెలు కూడా మూతి పెట్టవు" అంటున్నాడు. అదీ నిజమే. ఇంకో వారం ఆపమన్నాను. శుక్రవారం దాకా చూస్తాను. ఏమీ లేకపోతే శనివారం పొద్దున మంద దిగుతుంది.

నిన్ను అడగడం లేదు. ఊరికే చెబుతున్నా. కాలువ గట్టున కూర్చుని రాస్తున్నాను, కిందంతా ఇసుక. మీ కోడలు అందులో గీతలు గీసుకుని ఆడుకుంటోంది.

అక్కకి కాళ్ళకి రాసుకునే నూనె లస్కరు చేతికిచ్చాను.

నీ బావమరిది

సెప్టెంబరు 24, బుధవారం

ఒరే నా మొండి బావమరిదీ,

శ్రద్ధగా చదువు. చదివాక చింపెయ్యి.

రేపు గురువారం సాయంత్రం, జనం వెళ్ళిపోయి పడవలు కట్టేశాక, తూము ఎత్తేస్తున్నాను. మడుగు మొత్తం కాలువలోకి వదులుతాను. నా లెక్క ప్రకారం శనివారం చీకటి పడే లోపల నీళ్ళు మీ పొలం తలుపు తడతాయి. మంద ఆయన్ని రావద్దని చెప్పెయ్యి. నీ మడి మూతి తీసి ఉంచు.

ఇంకో సంగతి, దీన్ని బాగా గుర్తుపెట్టుకో. ఈ ఉత్తరానికి గుచ్చిన చీటీలో "కాలువ బంద్" అనే ఉంటుంది. దాన్ని పట్టించుకోకు. లస్కరు దారి పొడవునా ఆ చీటీ అందరికీ చూపిస్తాడు. నీళ్ళు వదిలామని రాస్తే పై పొలాలవాళ్ళు షట్టర్లన్నీ ఎత్తుకుని కూర్చుంటారు. నీ దాకా తేమ కూడా రాదు. బంద్ అని చూస్తే ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోతారు. వాళ్ళు తేరుకునేసరికి నీళ్ళు నీ దగ్గరుంటాయి. అందుకని ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా చీటీ అబద్ధం చెబుతోంది, నా ఉత్తరం నిజం చెబుతోంది.

ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను. నువ్వు "ఆ, చెప్పండి బావగారూ" అంటావేమోనని మళ్ళీ పెట్టేశాను.

చక్రం మరల్లోకి బంగారు రంగు దిగి బిగుసుకుపోయింది. కిరోసిన్ పోసి గోకుతున్నాను. పక్కనుంచి ఎవరో "తాతా, కాస్త నవ్వుతూ ఇటు చూడు" అని ఫొటో తీసుకున్నారు. నవ్వాను కూడా. ఎన్ని రోజులయిందో నవ్వి.

అక్కకి ఇవాళ అంతా చెప్పేశాను, గోడతో సహా. తర్వాత కిరోసిన్ డబ్బా తనే తెచ్చిచ్చింది.

నీ బావ

అక్టోబరు 1, బుధవారం

బావమరిదీ,

పోయిన శనివారం లస్కరు చేతికి నువ్వేమీ ఇవ్వలేదట. పొలంలో చేతినిండా పనేమో అనుకున్నాను. బురద చేతులతో రాయలేవులే.

ఇక్కడ ఆదివారం పెద్దవాళ్ళు వచ్చారు. మెట్లు మొత్తం పదమూడూ తేలాయి. నాకే తెలీదు అన్ని ఉన్నాయని. హంసలు నాలుగూ బురదలో పక్కకి ఒరిగి కూర్చున్నాయి. ఇంజనీరు నా టోపీ తియ్యమన్నాడు, తీసిచ్చాను. మర్నాడు కాగితం వచ్చింది. ఉద్యోగం ఆపేశారు, విచారణ ఉంటుందట, క్వార్టరు పది రోజుల్లో ఖాళీ చెయ్యాలి. తాళంచెవి ఇచ్చేస్తుంటే చెయ్యి తేలికైనట్టనిపించింది. అబద్ధమెందుకు, కాస్త ఏడుపు కూడా వచ్చింది.

అక్క సామాను సర్దుతోంది. కూర్చుని సర్దుతుంది, లేవడానికి నేను పట్టుకోవాలి. గిన్నెలు కాగితాల్లో చుడుతూ ఒకే మాట పదిసార్లు అంది. "పోనీలెండి. తమ్ముడి చేను నిలబడింది. అది చాలు." నాతో అంటోందో తనకి తాను చెప్పుకుంటోందో తెలీలేదు.

కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంటాం. నువ్వు కాదనవని అడక్కుండానే రాస్తున్నా. వచ్చే శుక్రవారం పదో తారీఖున వస్తాం. గుమ్మం దగ్గర మూడు మెట్లున్నాయి కదా, ఒక చెక్కపలక ఏదైనా ఉంటే చూడు. అక్క ముందు ఇంటికి కాదట, బండి దిగగానే గట్టు మీదికి తీసుకెళ్ళమంటోంది. వెన్ను తీసిన చేను చూస్తే మోకాళ్ళు అవే తగ్గుతాయట.

టోపీ లేని,
నీ బావ

అక్టోబరు 4, శనివారం

బావా,

అక్క పక్కన ఉంటే ఇది ఇప్పుడు చదవకు. లేకపోతే కూర్చుని చదువు.

మన చేను లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం లస్కరు వచ్చాడు. పైన చీటీ ఉంది, కాలువ బంద్ అని. నా నోరు నమ్మకు, నా ఉత్తరం నమ్మకు, నా చీటీ నమ్ము అన్నావు కదా. నమ్మాను. కింద ఉత్తరం ఉందని చూశాను. ఏముంటుందిలే, మళ్ళీ పడవలూ, కాగితం కప్పులూ, నీ సిగ్గూ అనుకున్నాను. చదివే ఓపిక లేక విప్పకుండానే గోడ గడియారం వెనక పెట్టాను. అంతే బావా. అంతకంటే ఏమీ జరగలేదు.

శనివారం పొద్దున మంద దిగింది. రెండొందల గొర్రెలు. మధ్యాహ్నానికి మడి నున్నగా అయిపోయింది. నేను చూడలేక ఇంట్లో పడుకున్నాను. సాయంత్రం మీ కోడలు పరిగెత్తుకుంటూ వచ్చి "నాన్నా, నీళ్ళు" అంది. ఆటలాడుతోందని కసిరాను. వెళ్ళి చూస్తే కాలువ నిండా వస్తున్నాయి. నురగ, కాగితం కప్పులు, పడవ టిక్కెట్లు, ఒక చిన్నపిల్లల చెప్పు. నేరుగా నా మడి మూతి దగ్గరికి వచ్చి ఆగాయి. చెప్పిన వేళకి, నువ్వు లెక్క కట్టినట్టే. అప్పుడు పరిగెత్తాను గడియారం దగ్గరికి.

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మీ చెల్లెలు పట్టుకుంది. నిన్ను అనడానికి ఒక్క మాట లేదు. నీదీ నాదీ ఒక ఫోను దూరం, ఇద్దరం పౌరుషంతో కూర్చున్నాం.

నీళ్ళు నా మడి దగ్గర నిలబడి ఉన్నాయి. మేసేసిన మొదళ్ళకి పెట్టి ఏం లాభం? అవతల గట్టాయన చేను, పొట్టకొస్తున్న చేను, తలవంచుకుని ఉంది. పార తీసుకుని ఆ గట్టు తెగ్గొట్టాను బావా. తొమ్మిదేళ్ళు దేనికోసం తిట్టుకున్నామో ఆ మూరెడు గట్టే. ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు కొట్టడానికి. నీళ్ళు చూసి ఆగాడు. నా మడి చూశాడు. కర్ర పక్కన పెట్టి, రెండో పార తెచ్చుకుని నా పక్కన తవ్వాడు.

ఈ వారంలో ఆయన చేను లేచి నిలబడింది. అక్కడక్కడా వెన్ను తీస్తోంది. నేను రోజూ వెళ్ళి చూస్తున్నాను, నాది కాకపోయినా.

నిన్న నీ ఉత్తరం రాగానే చదివాను. ఇకమీదట నీవి గడియారం వెనక పెట్టను. అక్క అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇల్లు పోగొట్టుకుని, ఉద్యోగం పోగొట్టుకుని, ఆ ఒక్క మాట పట్టుకుని గిన్నెలు సర్దుతోంది. దాని చేతిలోంచి అది కూడా లాక్కోవడం నా వల్ల కాదు. నీ వల్ల అవుతుందా?

అందుకని ఒకటి అనుకున్నాను. శుక్రవారం బండి కాలువ రోడ్డు మీద కాకుండా కింది దారిన తీసుకురా. గట్టాయన చేను అటు నుంచే ముందు కనపడుతుంది. గట్టు ఎలాగూ తెగిపోయింది, ఎవరిది ఎక్కడిదాకానో అక్కకి గుర్తుండదు. అదే మనది అని చెబుతాను. ఈ అబద్ధం నేనొక్కణ్ణే మొయ్యలేను, నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యాలి. నీకు అలవాటే కదా.

నిన్న రాత్రే గట్టాయన్ని వాళ్ళ గుమ్మం దగ్గర అడిగాను. తొమ్మిదేళ్ళ తర్వాత నేను ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. చేతిలో పార గోడకి చేర్చి కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత, "మీ అక్కయ్య చూసినంతసేపు మీదే. ఆ రోజు నేను పొలానికి రానులే" అన్నాడు.

మూడు మెట్ల మీదికి చెక్కపలక వేశాను. నేను ఎక్కి దిగి చూశాను, ఊగడం లేదు. జాగ్రత్తగా తీసుకురా.

నీ మొండి బావమరిది